పాంగి బుధు చెప్పడం మరిచిన పాఠం

పటాలంలో చేరిన పన్నెండేళ్లకి పాంగి బుధు చొక్కా చేతి మీద రెండు గీతలు పడ్డాయి. రెండు గీతలుంటే నాయక్ అంటారు. నాయక్ అంటే పదిమంది జవాన్ల మీద పెత్తనమని పుస్తకంలో రాసి ఉంది. బుధు పెత్తనం మాత్రం రెండు కాగుల మీద, ఒక గరిటె మీద, తడిసి అంటుకోని కట్టెల మీద నడిచింది. కొండవాడు కదా, కట్టెలు బాగా ఏరుకొస్తాడని మొదటి ఏడాదే ఎవడో అతన్ని వంటశాలకి వేశాడు. బుధు నిజంగానే బాగా ఏరుకొచ్చాడు. అదే అతని కొంప ముంచింది. ఇక ఎన్ని బదిలీలు జరిగినా, ఎంతమంది అధికారులు మారినా అతన్ని ఆ పొయ్యి దగ్గర్నుంచి కదిపినవాడు లేడు.

ఆ పటాలం సాయుధ పోలీసులది. పేరుకి పోలీసులే గాని తీరంతా సైన్యానిదే. తెల్లారకుండానే బిగిలు, ఆపైన కవాతు, మొహం కనపడేదాకా బూట్లకి పాలిష్, అధికారి ఎదురైతే మడమలు టక్కున కలపడం. దొరలు దేశం వదిలి పోయినా వాళ్లు నేర్పిన ఒక్క కేక కూడా మారలేదు. జవాన్లు చాలామంది విజయనగరం, బొబ్బిలి, చోడవరం వైపు రైతుల పిల్లలు. కొండల్లో అలజడిగా ఉన్న ఆ రోజుల్లో ఒక కంపెనీని తెచ్చి అరకులోయ అవతల, రైలు కట్టకి కాస్త ఎగువన గుడారాలు వేసి దింపారు. బుధు పుట్టిన తంగెళ్లగుడ అక్కడికి మూడు మైళ్లే.

సొంత ఊరు అంత దగ్గరుంటే ఎవరికైనా పండగే. బుధు మాత్రం ఏడాదిగా ఆ వైపు తలెత్తి చూడలేదు. చూడలేని పని ఒకటి అతని నోటి మీదుగా జరిగింది.

సంగతేమిటంటే, ఆ కొండల్లో చైత్రమాసంలో ఇటుకల పండుగ చేస్తారు. పండుగ రోజుల్లో మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని జట్టుగా అడవికి వేటకి పోతారు. వేటలో ఏదో ఒకటి పడాలి. దాని నెత్తుటిని విత్తనాలకి తాకించాకే ఆ ఏటి విత్తనం నేలలో పడాలి. ముహూర్తాలు పెట్టే దిసారి చెప్పేది అదే, వాళ్ల తాతలు చేసిందీ అదే. డెబ్భై ఒకటో సంవత్సరం చైత్రంలో తంగెళ్లగుడ వాళ్లు అలాగే బయల్దేరారు. చెట్ల మధ్య విల్లంబులు పట్టుకున్న పదిహేనుమందిని గస్తీకి వెళ్లిన జవాన్లు చూశారు. అడవిలో దాక్కునే తిరుగుబాటుదార్లనుకుని చుట్టుముట్టారు. భాష తెలిసినవాడని వంటశాల నుంచి బుధుని వెంట తెచ్చుకున్నారు, అతనితో "ఆయుధాలు కింద పెట్టమని చెప్పు" అన్నారు. బుధు చెప్పాడు. సొంత భాషలో, సొంత బావకే చెప్పాడు. ఆ విల్లుల్ని జవాన్లు మోకాలికి ఆనించి ఫటాఫటా విరిచేశారు. బావ కొర్రా భీమన్న ఏదో అనబోతే కుడి భుజం మీద తుపాకీ మడమతో ఒక్కటి వేశారు. వేట అక్కడితో ఆగిపోయింది. ఆ ఏడు విత్తనాలు వట్టినే నేలలో పడ్డాయి, చోడి చేలు మోకాలెత్తు కూడా లేవలేదు. వానలు సరిగా లేక అలా అయిందని పాడేరు నుంచి వచ్చిన ఆఫీసువాళ్లు అన్నారు. ఊరు ఆ మాట నమ్మలేదు. నిజం చెప్పాలంటే బుధూ నమ్మలేదు.

బుధు తల్లి అతని చిన్నప్పుడే పోయింది. పెంచింది అక్క కనక. ఆ గొడవ జరిగిన వారానికి బెల్లం, పొగాకు మూటగట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. కనక గడప దాటి రాలేదు.

"బావ భుజం ఎలగుందప్పా?" అన్నాడు.

"విల్లు ఎక్కుపెట్టలేడు. ఆ మాట నీ నోటితోనే గదా సెప్పినావు? ఆ నోటికి నా సేతి కూడు పెట్టను. పో" అంది.

తలుపు వేసేసింది. బుధు బెల్లం మూట అరుగు మీద పెట్టి వచ్చాడు. మర్నాడు అది గుడారాల దారిలో ఒక రాయి మీద కనిపించింది, చీమలు పట్టి.

మళ్లీ చైత్రం దగ్గర పడుతుంటే కంపెనీకి కొత్త అధికారి వచ్చాడు. పేరు కృష్ణమూర్తి. కళ్లజోడు, సన్నటి గొంతు, కేకలు వేయడం రాదు. కేకలు రాని అధికారిని పటాలంలో ఎవరు లెక్కచేస్తారు? కానీ ఆయన పాత కాగితాలన్నీ కూర్చుని చదివాడు. విరిచిన విల్లుల సంగతి చదివాడు. అదే వారం పై నుంచి ఒక ఉత్తరువు కూడా దిగింది, జవాన్లకి స్థానిక ఆచారాల గురించి శిక్షణ ఇవ్వవలెనని. దానికి జతగా పద్నాలుగు సూత్రాలు టైపు కొట్టి పంపారు. గిరిజనులు అమాయకులు, వారితో ప్రేమగా మెలగవలెను. గిరిజనులు నృత్యప్రియులు, వారి నృత్యములను ప్రోత్సహించవలెను. మిగతా పన్నెండూ ఈ వరసే.

కృష్ణమూర్తి ఆ కాగితం పట్టుకుని నేరుగా వంటశాలకి వచ్చాడు. బుధు పప్పు తిప్పుతున్నాడు. పద్నాలుగూ చదివి వినిపించి, "ఇందులో నిజమెంత బుధూ?" అని అడిగాడు.

బుధు గరిటె ఆపి, "డేన్సు ఆడతామండి" అన్నాడు.

కృష్ణమూర్తి కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. "పండగ రోజుల్లో గస్తీ ఆపమని అడిగాను. పైవాళ్లు ఒప్పుకోలేదు. జవాన్లు అడవికి వెళ్లక తప్పదు, మీవాళ్లు వేటకి వెళ్లక తప్పదు. ఎదురుపడితే ఎలా మసలుకోవాలో చెప్పగలిగేవాడివి నువ్వే. రేపటి నుంచి ఎనిమిది రోజులు, రోజుకి గంట. పాఠం నువ్వే చెప్పు" అన్నాడు.

బుధు చదివింది మూడో క్లాసు. జవాన్ల ముందు నోరు తెరవడమంటే "ఇంకొంచెం వడ్డించనా" అనడం వరకే అతనికి తెలుసు. కానీ వద్దనలేదు. ఈ ఎనిమిది గంటల్లో తను సరిగ్గా చెప్పకపోతే వచ్చే వారం బావ భుజం కాదు, గుండె మీదే గుండు పడొచ్చు. అది పడితే అక్క ఇంటి తలుపు ఇక ఈ జన్మకి తెరుచుకోదు. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని పాఠం చెప్పిన పంతులు మన జిల్లా మొత్తం మీద ఉండి ఉండడు.

మొదటి రోజు ఘోరంగా గడిచింది. వంటశాల వెనక టార్పాలిన్ కింద ముప్పైమంది కూర్చున్నారు. బుధు లేచి నిలబడ్డాడు. చేతిలో గరిటె అలాగే ఉంది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన వరహాలరావు అనే కుర్ర జవాను, నోటి దురుసుకి కంపెనీలో పేరున్నవాడు, చెయ్యెత్తాడు.

"గురువుగారూ, పలకలు తెచ్చుకోమంటారేటి?"

అందరూ గొల్లుమన్నారు. బుధు ఎలాగో గంట అయిందనిపించుకుని పొయ్యి దగ్గరికి పారిపోయాడు.

రెండో రోజు అతను పాఠం చెప్పలేదు. అడిగాడు.

"వరహాలూ, మీ ఊరి అమ్మవారు ఎవులు?"

"మా ఊల్లో నూకాలమ్మ. ఇజీనారం ఎల్తే పైడితల్లమ్మ."

"ఆ గుడి గడప మీద కూకుని బూట్లు తుడుసుకుంతావా?"

"ఓలమ్మో, మా అమ్మ నా కాలు ఇరగ్గొట్టదా!"

"మరి క్రితం ఏడు మా ఊరి మద్దిన రాళ్లు పేర్సిన కాడ కూకుని బూట్లు తుడిసినావు. అది మా ఊరికి కాపలా కాసే నిసానమ్మ. అక్కడ సెప్పులిడిసి దండవెట్టుకుంతాం. అమ్మవారికి గుడి కట్టనంత మాత్రాన ఇల్లు నేదని అనుకోకు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బుధు ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. మీ ఇంట్లో బూట్లతో ఎక్కడిదాకా పోనిస్తారు? ఎవరికి ఎదురెళ్లకూడదంటారు? ఏ వారం ఏం తినరు? ప్రతివాడికీ చెప్పుకోవడానికి నాలుగైనా ఉన్నాయి. చోడవరం జవాను వాళ్ల ఇంట్లో పుట్ట కనపడితే ఏం చేస్తారో చెప్పాడు. ఇంకొకడు తన తాత చచ్చినా మంగళవారం నాగలి కట్టేవాడు కాదన్నాడు. గంట గడిచినా ఎవరూ లేవలేదు, ఆ రోజు పప్పు మాడిపోయింది కూడా. మాడిన పప్పే తిన్నారు.

ఆ తర్వాత రోజుకొకటి నేర్పాడు. ఇంటి ముందు చూరు బయటే నిలబడి దగ్గాలి, పిలిచాకే వెళ్లాలి. ఇంటి లోపల పొయ్యి దగ్గర పితరులు ఉంటారు, తనిఖీ పేరుతో బూట్లతో అక్కడికి పోకూడదు. జీలుగు కల్లు ఇస్తే ముందు రెండు చుక్కలు నేలకి వదలాలి. చెప్పి ఊరుకోలేదు, చేయించాడు. ఒక గుడారాన్ని ఇల్లు చేసి, చోడవరం జవానుని ఇంటి ఇల్లాలిని చేసి, మిగతావాళ్లని ఒక్కొక్కరినే లోపలికి రమ్మన్నాడు. ఆ ఇల్లాలు మీసం మెలేస్తూ అందరినీ తరిమికొట్టింది.

ఆరో రోజు వేట గురించి చెప్పాడు. ఆ రోజు అతని గొంతు మారింది.

"విల్లంబులుంటాయి. నాటు తుపాకీ ఒకటో రెండో ఉంటాది. బయపడిపోకండి. కుక్కలున్నాయో నేదో సూడండి. దాక్కుని తిరిగేవోడు కుక్కని ఎంట తెచ్చుకోడు. వేటకెల్లేవోడు కుక్క నేకుండా ఎల్లడు. ఎదురొత్తే దారికి అడ్డం రాకండి. పక్కకి తప్పుకోండి. ఇంకోటి, ఎక్కడికి ఎల్తన్నారని మాత్రం అడగొద్దు. ఆ మాట వింటే వేట పడదు, ఎనక్కి తిరిగి పోవాల."

"మా ఊల్లోనూ అంతే గదా! బైలెల్లేవోణ్ని ఎక్కడికని అడగరు" అన్నాడు వరహాలరావు. అని తనే తల గోక్కున్నాడు. పోలీసువాడికి కనపడిన ప్రతి మనిషినీ అడగడానికి చేతనైన ప్రశ్న అదొక్కటే. అది మానుకోమంటే ఎలా?

పండుగలో మూడో రోజు పొద్దున్నే గస్తీ బయల్దేరింది. పదిమంది జవాన్లు, కృష్ణమూర్తి, బుధు, మొత్తం పన్నెండుమంది. వాగు మలుపు దగ్గర ముందు నడుస్తున్న వరహాలరావు చటుక్కున ఆగిపోయాడు. ఎదుట వెదురుపొద పక్కన ఇరవైమంది. చేతుల్లో కొత్త విల్లులు. అందరికన్నా ముందు భీమన్న. తను ఎక్కుపెట్టలేని విల్లు ఎడమ చేత్తో మోస్తున్నాడు.

అటువాళ్లూ ఆగారు. వాళ్లకి నిరుడు గుర్తుంది. ఒక పెద్దాయన విల్లు గుండెకి హత్తుకున్నాడు.

వరహాలరావు మెడ సాచి వాళ్ల కాళ్ల మధ్యకి చూశాడు. మూడు బక్క కుక్కలు నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. వాడు తుపాకీ భుజాన తగిలించుకున్నాడు. దారి వదిలి రాళ్ల మీదికి దిగాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే దిగారు. ఆఖరున కృష్ణమూర్తి కూడా కళ్లజోడు సర్దుకుంటూ దిగాడు. ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. పదిమంది జవాన్లు పెదాలు బిగపట్టి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. అడగాల్సిన ప్రశ్న గొంతులో కొట్టుకుంటుంటే ఒకడికి దగ్గొచ్చింది.

వేటగాళ్లు వరసగా దాటిపోయారు. భీమన్న బుధుని రాసుకుంటూ వెళ్లాడు గాని తల తిప్పలేదు. తిప్పకపోయినా ఫరవాలేదు. కొత్త విల్లుల్లో ఒక్కటి కూడా విరగలేదు. బుధు వాగులోకి వంగి మొహం కడుక్కున్నాడు, రెండుసార్లు.

ఇక్కడితో అయిపోతే మనం ఇతని గురించి చెప్పుకోవాల్సిన పని లేదు.

సాయంత్రం నాలుగింటికి గస్తీ వెనక్కి మళ్లింది. పొద్దున వేటగాళ్లు తప్ప రోజంతా తిరిగినా అడవిలో ఇంకెవరూ కనపడలేదు. గుడారాలకి దగ్గరి దారి తంగెళ్లగుడ మీదుగానే. ఊరి మొదట్లోకి వచ్చేసరికి ముప్పైమంది ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. పాటలు, నవ్వులు, చేతుల్లో కుండలు. జవాన్లు మంచినీళ్లనుకున్నారు. వరహాలరావు చూరు దగ్గర దగ్గినట్టు మర్యాదగా ఒక దగ్గు దగ్గి, చేయి చాపుతూ ముందుకి వెళ్లాడు.

మొదటి కుండ వాడి మొహాన పడింది. పేడనీళ్లు.

రెండోది కృష్ణమూర్తి టోపీ మీద పడింది. కళ్లజోడు పచ్చగా అయిపోయింది. మూడు, నాలుగు, అయిదు కుండలు వరసగా ఖాకీల మీద, తుపాకుల మీద, అద్దాల్లా తుడుచుకున్న బూట్ల మీద కుమ్మరించేశారు. కళ్లు కనపడని వరహాలరావు భుజం మీంచి తుపాకీ తీసి ముందుకి తిప్పాడు. తుపాకీలో గుండు ఎక్కిన చప్పుడు అందరికీ వినపడింది. పాట ఆగిపోయింది.

అప్పుడు బుధుకి తట్టింది. వేటకి పోయి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. ఇటుకల పండుగలో అదొక ముచ్చట. ఎవరి మొగుడైనా, ఊరి పెద్దయినా సరే, నవ్వుతూ తడవాలి. ఎనిమిది రోజులు నోరు నొప్పెట్టేలా పాఠాలు చెప్పాడే గాని ఈ ఒక్కటి చెప్పలేదు. దాచి కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని, ఇది తెలియని మనుషులు ఉంటారని అతనికి తోచలేదు.

పరిగెత్తి తుపాకీకీ ఆడవాళ్లకీ మధ్య నిలబడ్డాడు. టోపీ తీసేశాడు. రెండు చేతులూ చాచి అరచేతులు చూపించాడు.

"నేదు! ఏటీ దొరకనేదు! కుందేలు కూడా దొరకనేదు!" అని తమ భాషలో అరిచాడు.

ఎదురుగా కనక. చేతుల్లో నిండు కుండ. ఏడాదిగా తమ్ముడి మొహం చూడని మనిషి, కుండ ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది, వెనక తుపాకీ వైపు చూసింది. బుధు కళ్లు మూసుకున్నాడు. పొయ్యదేమో, కుండ దించేసి వెళ్లిపోతుందేమోనని అతని భయమంతా. తుపాకీ సంగతే మరిచిపోయాడు.

కుండ మొత్తం నెత్తిన పడింది.

"అడివికెల్లి వట్టి సేతుల్తో ఒచ్చినావా, సిగ్గు నేనోడా!" అంది కనక. ఏడాది తర్వాత అక్క మాట్లాడిన మొదటి మాట. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. బుధు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ పేడలో ఎవరికీ తెలియలేదు.

కృష్ణమూర్తి కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకుని, "తుపాకులు దించండి" అన్నాడు. తర్వాత, "బుధూ, ఇది ఎన్నో రోజు పాఠం?" అని అడిగాడు.

"సెప్పనేదండి. మరిసిపోనానండి."

ఈ భాగోతాన్ని ఒక కలప లారీ డ్రైవరు చూశాడు. అరకు సంతలో చెప్పాడు. సంతలో చెప్పిన మాట విశాఖపట్నం చేరడానికి ఎంతసేపు? వారం తిరక్కుండా ఒక పై అధికారి జీపులో దిగి విచారణకి కూర్చున్నాడు. యూనిఫారానికి ఇంతకన్నా అవమానం లేదన్నాడు. ఆ ఆడవాళ్ల పేర్లు రాయించండి, కేసు పెడదామన్నాడు. మొదటి పేరు ఎవరిదో బుధుకి తెలుసు.

జవాన్లు ముందు రోజే కూడబలుక్కున్నారు. బుధు ఆ ఆచారం గురించి చెప్పాడంటే అది తెలిసిన వేడుకే అవుతుంది, అవమానం కాదు, కేసూ ఉండదు. బుధు గీతలూ నిలుస్తాయి. ఒక్కొక్కరే గుడారంలోకి వెళ్లి ఒకటే మాట చెప్పారు. వరహాలరావు అందరికన్నా గట్టిగా చెప్పాడు.

"సెప్పినాడండి. ఆరో రోజు సెప్పినాడండి. నానే నిద్దరోయినానండి."

అధికారి కాగితం మీంచి తలెత్తాడు. "అయితే అది వేడుకని తెలిసి కూడా ఆడవాళ్ల మీదికి గుండు ఎక్కించావన్నమాట."

ఇంతదూరం వరహాలరావు ఆలోచించలేదు. గుడారం బయట వరసలో నిలబడ్డ బుధుకి ఆ మాట వినపడింది. అతని వంతు ఇంకా రాలేదు. ఒక్క అబద్ధం ఆడితే అక్క పేరు కాగితం మీదికి ఎక్కదు, కానీ ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది. నిజం చెబితే అక్క ఏమవుతుందో తెలియదు. పిలవకుండానే లోపలికి వెళ్లి మడమలు కలిపాడు.

"నాను సెప్పనేదండి. ఈళ్లంతా నా మీద దయతో అబద్ధం ఆడతన్నారండి. ఈ గుంటడికి తెలవదండి. తెలవకే ఎక్కించినాడు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఇది తెలవనోళ్లు ఉంటారని నాకు తెలవదండి. మా ఊల్లో సంటిపిల్లకి కూడా తెలుసు. తప్పు నాది. ఆడోళ్లది కాదు."

"వాళ్లది ఎందుకు కాదు? కావాలని పోలీసుల్ని అవమానించారు."

వంటవాడికి పై అధికారితో వాదించడం అలవాటు లేదు. "బాబూ, పరాయోళ్ల మీద ఎవులూ పొయ్యరండి. మీరు ఎల్లినారనుకోండి, పక్కకి తప్పుకుని దండవెడతారు. మొగుడి మీద పోత్తారు, అన్న మీద పోత్తారు, తమ్ముడి మీద పోత్తారు. సొంతోళ్ల మీదే పోత్తారండి. పొద్దున దారి ఇచ్చినామని వేట కాణ్నుంచి ఊల్లోకొచ్చిన గుంటడెవుడో ఆళ్లకి సెప్పీసినాడు. అందుకే పోసినారు."

అధికారి కాగితం దగ్గరికి లాక్కుని రాశాడు. శిక్షణ అసంపూర్ణముగా జరిగినది. బాధ్యుడైన నాయక్‌కి ఒక గీత తగ్గించడమైనది. శిక్షణను ఎనిమిది రోజుల నుండి పదిహేను రోజులకు పొడిగించవలెను. ఆడవాళ్ల పేర్ల దగ్గర ఏమీ రాయలేదు.

ఆ గీత బుధుకి మళ్లీ రావడానికి నాలుగేళ్లు పట్టింది. పాఠం మాత్రం ఎనభై మూడులో అతను రిటైరయ్యేదాకా ఏటేటా ఆ టార్పాలిన్ కిందే నడిచింది. అదంతా తర్వాతి సంగతి.

విచారణ ముగిసిన ఆదివారం కృష్ణమూర్తి అతనికి ఒక పూట సెలవిచ్చాడు. బుధు తంగెళ్లగుడ వెళ్లాడు. ఈసారి ఏమీ మూటగట్టుకోలేదు. అక్క ఇంటి తలుపు తీసే ఉంది. కనక గబగబా వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టుకుని చూసింది.

"పేడ మరక పోనేదు గాని గీత పోనాదేటి? నా మూలాన్నేనా?"

"నీ మూలాన కాదప్పా. నాను సెప్పడం మరిసిపోనాను."

కనక కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి సామ అన్నం, చింతచిగురు కూర తెచ్చి ముందు పెట్టింది. బుధు ఏడాది ఆకలంతా తీరేలా తిన్నాడు. భీమన్న పక్కనే కూర్చుని చూస్తున్నాడు. తిన్నాక లేచి, పొయ్యి పైన వేలాడుతున్న దండెం మీంచి ఒక్కొక్కటే పొట్లాలు దించడం మొదలుపెట్టాడు. ఆ రోజు గస్తీ గుడారాలు చేరాక చీకటి పడే వేళకి వీళ్లకి అడవి పంది పడింది. దాని మాంసం వాటాలేసి, ఎండబెట్టి, అడ్డాకుల్లో చుట్టి నారతో కట్టారు.

"వేటలో ఉన్నోడికి వాటా ఉంటాది. దారి ఇచ్చినోడికీ ఉంటాది. నీది అట్టిపెట్టినాం" అన్నాడు భీమన్న.

బుధు ఒక పొట్లం తీసుకుని లేవబోయాడు. భీమన్న ఇంకా దించుతూనే ఉన్నాడు. రెండు, మూడు, ఆరు, పది. చివరికి పన్నెండు పొట్లాలు అతని ముందు వరసగా ఉన్నాయి.

"ఇన్ని ఎవులికి బావా?"

కనక గంపలో పొట్లాలు సర్దుతూ విసుక్కుంది.

"ఎవులికేటి? పేడనీళ్లు అందరి మీదా పోసినాం గదా. మాంసం నీకొక్కడికే ఎలగ పెడతాం?"